మూడు కత్తులు, మూడు ఒరలు

ఈ వ్యాసం ఒక చిన్న గొడవలోంచి పుట్టింది. మస్కట్‌లో ఉన్న కొన్ని తెలుగు కుటుంబాల వాళ్ళం కలిసి ఉగాదికి ఓ చిన్న సంచిక వేసుకుంటూ ఉంటాం. రెండు మూడు కథలు, పిల్లల బొమ్మలు, పంచాంగంలో నాలుగు ముక్కలు, ప్రకటనలు, అంతే అందులో సరుకు. కంప్యూటర్లతో బతికేవాణ్ణి కాబట్టి అట్ట తయారుచేసే పని ఏటా నా నెత్తిన పడుతుంది. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి బొమ్మలు వెయ్యడం కూడా వచ్చే ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. ప్రింటరు బాగుచెయ్యడం వచ్చే ఉంటుందని ఇంకా గట్టి నమ్మకం.

చాలా ఏళ్ళపాటు అట్ట మీద పూర్ణకుంభం ఉండేది. ఎవరూ దాన్ని పట్టించుకున్నది లేదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక అదే పూర్ణకుంభం అందరికీ కనిపించడం మొదలెట్టింది. "అది మీ రాష్ట్రం ముద్ర గదా అన్నా, మా తోరణం ఏది?" అని కరీంనగర్ మిత్రుడొకడు నవ్వుతూనే అడిగాడు. నవ్వుతూ అడిగిన ప్రశ్నలకే జవాబు చెప్పడం కష్టం. సరే, రెండూ పెడదామన్నాను. ఏది ఎడమ, ఏది కుడి అన్నారు. మాలో అందరికన్నా పెద్దాయన, గుంటూరువైపు నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయిన బాబాయిగారు, విసుక్కుని, "ఈ దేశపు ఉప్పు తింటున్నాం. ఈ దేశపు ముద్ర పైన పెట్టవయ్యా. దాని కింద ఎవరూ పోట్లాడుకోరు" అని తీర్పు చెప్పేశారు. ప్రభుత్వ ముద్రని అలా ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకోకూడదని ఇంకొకరు అడ్డం పడ్డారు. ఆ మాటా నిజమే.

ఆ రాత్రి ఒమాన్ రాజముద్రని నా కంప్యూటర్ తెర నిండా పెద్దది చేసుకుని చూశాను. పన్నెండేళ్ళుగా రోజూ చూస్తున్న బొమ్మే. పోలీసు బండి మీద, నోట్ల మీద, జెండా మూలన, నా జేబులోని రెసిడెంట్ కార్డు మీద. కానీ చదవడం అదే మొదటిసారి. రాజముద్ర కూడా ఒక రచనే అని, దాన్ని కూడా కథనో పద్యాన్నో విమర్శించినట్టు విమర్శించవచ్చని అప్పుడనిపించింది. ఏం చెప్పింది, ఎలా చెప్పింది, ఏం చెప్పకుండా వదిలేసింది, ఇవే కదా విమర్శకి కావలసినవి.

ముందు బొమ్మేమిటో చెప్తాను. రెండు కత్తులు, కొసలు దాటి అడ్డదిడ్డంగా గుణకారపు గుర్తులా ఉంటాయి. వాటి మీద మధ్యన ఒక ఖంజరు, దాన్ని నడుముకి కట్టుకునే నగిషీల పట్టా. ఖంజరంటే ఒమానీ పురుషులు పండగలకీ పెళ్ళిళ్ళకీ ప్రభుత్వ కార్యక్రమాలకీ పొట్ట మీద మధ్యగా కట్టుకునే వంకర బాకు. చూడగానే మన బుర్రలో మెదిలే మాట "ఆయుధాలు". మా ఆఫీసులో కొత్తగా వచ్చిన మనవాడొకడు, "శాంతి శాంతి అంటారు, జెండా మీద చూస్తే అన్నీ కత్తులే" అన్నాడు కూడా.

కానీ సరిగ్గా చూడండి. ఆ మూడు ఆయుధాల్లో ఒక్కదాని అంచు కూడా మనకి కనిపించదు. ఖంజరు ఒరలో ఉంది. అడ్డంగా ఉన్న రెండు కత్తులూ ఒరల్లోనే ఉన్నాయి. పక్కదేశమైన సౌదీ అరేబియా జెండా మీది కత్తి దూసిన కత్తి. 1950 నుంచి వాడుతున్న వాళ్ళ రాజచిహ్నంలో ఖర్జూరపు చెట్టు కింద ఉన్న రెండు కత్తులూ దూసినవే. ఒమాన్ వాళ్ళు దూయలేదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఒమాన్ ముద్రకి ఆ ఇబ్బంది లేదు. మూడు కత్తులు, మూడు ఒరలు. ఎవరి ఇల్లు వాళ్ళకుంది.

ఇంకొక సంగతి. నిజ్వా సంతలో వెండిపని చేసేవాళ్ళ దగ్గర ఖంజరుని చేతిలోకి తీసుకుని చూస్తే తెలుస్తుంది. ఒర కింది భాగం దాదాపు సమకోణంలో పైకి తిరుగుతుంది. లోపలి కత్తి అంతగా వంగి ఉండదు, అంత పొడుగూ ఉండదు. అంటే ఆ అందమైన వంపులో కత్తి లేదు, వట్టి ఒరే. వెండి తీగతో కుట్టిన నగిషీ, ఉంగరాల్లాంటి కడియాలు, తోలు, బట్ట, అన్నీ ఒర మీదే. ఒకప్పుడు ఈ పనికి కావలసిన వెండి కోసం ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న వెండి నాణేలను కరిగించేవారు. పని చేసేవాడి శ్రమంతా ఒర మీదే పెట్టబడింది కాబట్టి, ముద్ర గీసినవాడు కూడా ఒరనే గీశాడు. మనం కత్తి బొమ్మ అనుకునేది నిజానికి ఒర బొమ్మ. పూర్వం ఊరికే ఖంజరు దూయడం పెద్ద తప్పుగా ఉండేదనీ, దూస్తే ఇక నెత్తురు చూడకుండా లోపల పెట్టకూడదనే కట్టుబాటు ఉండేదనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. అంచేతే దూయకుండా ఉండటానికి అంత విలువ.

ఇక చరిత్ర. పోర్చుగీసు వాళ్ళు 1507లో మస్కట్‌ని పట్టుకున్నారు. 1650లో యారుబీ వంశపు ఇమాములు వాళ్ళని వెళ్ళగొట్టారు. తరువాత అంతఃకలహాలు, పర్షియన్ల రాక. ఆ గందరగోళంలో సొహార్ కోటని పర్షియన్లకి లొంగకుండా నిలబెట్టినవాడు అహ్మద్ బిన్ సయీద్. 1744లో ఇమాముగా ఎన్నికై అల్ బుసయీదీ వంశానికి మూలపురుషుడయ్యాడు. ఆ వంశమే ఇప్పటికీ పాలిస్తోంది. ఖంజరూ జంట కత్తులూ ఉన్న ఈ గుర్తుని 18వ శతాబ్ది మధ్యలో ఈ కుటుంబమే తన ముద్రగా తీసుకుందని పుస్తకాల్లో రాస్తారు. అంటే ఇది మొదట దేశపు గుర్తు కాదు, ఇంటి గుర్తు. ఓడల మీద ఎగిరే జెండా మాత్రం ఏ బొమ్మా లేని వట్టి ఎర్రగుడ్డ. సయీద్ బిన్ సుల్తాన్ కాలంలో, అంటే 1856లో ఆయన పోయేదాకా, ఆ ఎర్రగుడ్డ మస్కట్ నుంచి జాంజిబార్ దాకా ఎగిరింది. 1840లో సుల్తానా అనే ఓడ మీద న్యూయార్క్ రేవుకి కూడా వెళ్ళింది.

ఆ తరువాతి వందేళ్ళలో ఈ ముద్ర కథ మన దేశంతో ముడిపడింది. మస్కట్‌లో తపాలా కచేరీ 1864లో తెరిచింది బ్రిటిష్ ఇండియా తపాలా శాఖ. బిళ్ళలు మనవే. 1944లో అల్ బుసయీదీ వంశం మొదలై రెండువందల ఏళ్ళయిన సందర్భాన్ని ఎలా జరుపుకున్నారో తెలుసా? ఆరో జార్జి తలకాయ ఉన్న ఇండియా స్టాంపుల మీదే అరబ్బీలో వంశం పేరూ, హిజ్రీ 1363 అనే సంవత్సరమూ అచ్చొత్తి అమ్మారు. ఇంటి పండగ, ఎవరి బొమ్మ మీదో. 1947 డిసెంబరు నుంచి కొన్ని నెలలు ఆ కచేరీని పాకిస్తాన్ నడిపింది, ఆపైన బ్రిటన్ నడిపింది. 1966లోగాని సొంత తపాలా శాఖ రాలేదు. వచ్చీ రాగానే వేసిన మొదటి స్టాంపుల వరసలో తక్కువ ధర వాటి మీద ఏముందనుకుంటున్నారు? సుల్తాను ముద్ర, ఖంజరూ జంట కత్తులూ. వాటి ధరలు మాత్రం ఇంకా బైసాల్లో, రూపాయల్లో ఉన్నాయి.

అవును, రూపాయలే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమని వేరే రంగుల్లో రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించినప్పుడు మిగతా దేశాలు ఒక్కొక్కటే దాన్ని వదిలేసినా, ఒమాన్‌లో 1970 మే దాకా అవి నడిచాయి. వాటి మీద అశోకుడి సింహాలు ఉండేవి. పదిరూపాయల నోటు వెనకవైపున తెరచాప ఎత్తిన పడవ ఉండేది. ముత్రా సంతలో ఖంజరు కట్టుకున్న ఒక ఒమానీ, నాలుగు సింహాల నోటు ఇచ్చి ఖర్జూరాలు కొనుక్కున్న దృశ్యం ఊహించుకోండి. ఇప్పుడు నేను ఖంజరు బొమ్మ ఉన్న రియాలు నోటు ఇచ్చి పాలకొల్లు కొబ్బరికాయ కొనుక్కుంటున్నాను. వాళ్ళ బైసా మన పైసాకి బంధువే.

1970 జూలై 23న ఖాబూస్ బిన్ సయీద్ గద్దెనెక్కారు. అప్పటిదాకా దేశం పేరు "మస్కట్ అండ్ ఒమాన్". ఆ "అండ్" వెనక చాలా నెత్తురుంది. మస్కట్ అంటే సుల్తాను ఏలే సముద్రతీరం. ఒమాన్ అంటే నిజ్వా కేంద్రంగా ఇమాములు ఏలిన లోపలి కొండల సీమ. 1920లో సీబ్ దగ్గర కుదిరిన ఒప్పందంతో కొంతకాలం ఎవరి దారిన వాళ్ళున్నారు. 1950ల చివర జబల్ అఖ్దర్ కొండల్లో యుద్ధం జరిగింది. దక్షిణాన ఢోఫార్‌లో 1965 నుంచి మరో పదేళ్ళు ఇంకో యుద్ధం. కొత్త సుల్తాను వచ్చిన నెలలోపే పేరులోంచి ఆ "అండ్" పోయింది. అదే ఏడాది డిసెంబరు 17న కొత్త జెండా వచ్చింది. పాత ఎర్రగుడ్డ పక్కన తెలుపూ ఆకుపచ్చా చేరాయి, పై మూలన తెల్లగా ముద్ర చేరింది. 1995లో మూడు అడ్డపట్టీల వెడల్పుల్నీ సమానం చేశారు.

తెలుపు శాంతికి, ఎరుపు పరాయివాళ్ళతో చేసిన యుద్ధాలకి, ఆకుపచ్చ పచ్చని నేలకి అని బడిలో పిల్లలకి చెబుతారు. ప్రపంచంలో ఏ జెండాకైనా ఇలాంటి అర్థాలే చెబుతారు లెండి. నాకు వేరే అర్థం ముఖ్యంగా కనిపిస్తుంది. ఎరుపు తీరపు సుల్తానుల రంగు. తెలుపు లోపలి ఇమాముల రంగు. ఆకుపచ్చ జబల్ అఖ్దర్, అంటే పేరులోనే పచ్చకొండ. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టుకున్న వాళ్ళ రంగుల్ని ఒకే గుడ్డ మీద పక్కపక్కన కుట్టారు. ఆ గుడ్డ మూలన ఒరలో పెట్టిన కత్తుల్ని కుట్టారు. ఈ వరసలో చదివితే ఆ ఒరలకి అర్థం తెలుస్తుంది.

యూరపులో రాజచిహ్నాల సంప్రదాయం వేరు. 12వ శతాబ్దంలో తల నుంచి కాలిదాకా ఇనుపకవచం తొడుక్కున్న యోధుడు ఎవరో గుర్తుపట్టడానికి డాలు మీద బొమ్మ వేసుకోవడంతో అది మొదలైంది. తరువాత ఊళ్ళు కూడా డాళ్ళు పెట్టుకున్నాయి. జర్మనీలో ఏ చిన్న ఊరికి వెళ్ళినా పురపాలక భవనం గుమ్మం మీద ఒక డాలు, దాని మీద ఒక బొమ్మ. ఊరి పేరులోని మాటనే బొమ్మగా గీసుకోవడం వాళ్ళకొక సరదా. బెర్లిన్ పేరులో ఎలుగుబంటిని సూచించే మాట వినిపిస్తుంది కాబట్టి బెర్లిన్ డాలు మీద ఎలుగుబంటి. మ్యూనిక్ అంటే సన్యాసుల చోటు కాబట్టి దాని డాలు మీద ఒక సన్యాసి. ఊరి ముద్రని ఊరివాళ్ళే చమత్కారంగా తయారుచేసుకున్నారన్నమాట. ఒమాన్ ముద్రలో డాలు లేదు. అటూ ఇటూ పట్టుకుని నిలబడ్డ జంతువుల్లేవు. కింద నినాదం లేదు. పక్క అరబ్బు దేశాలు చాలావాటిలాగా డేగనో గద్దనో పెట్టుకోలేదు. నడుముకి రోజూ కట్టుకునే వస్తువుని తీసి జెండా మీద పెట్టారు.

మన సంగతి చూద్దాం. ముద్రలకి మనం కొత్తవాళ్ళం కాదు. చాళుక్యుల వరాహం కాకతీయులకీ, ఆపైన విజయనగరానికీ వచ్చింది. విజయనగరం వాళ్ళ లాంఛనంలో వరాహం ముందు నిలువుగా ఒక కత్తి, పైన సూర్యచంద్రులు. కాబట్టి "జెండా మీద కత్తులేమిటి" అని మనం ముక్కు మీద వేలేసుకోవడానికి లేదు. ఆ వరాహం నాణేల మీదికెక్కి నాణేనికే వరహా అని పేరొచ్చింది. రాజ్యం పోయి వందలేళ్ళయినా ఆ పేరు మన నోట్లో మిగిలింది. ముద్ర బతకడమంటే అదీ. అంతకుముందు శాతవాహనులు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడని వేశారు. ఆ ఓడ గురించి ఇంకో మాట తరువాత చెప్తాను.

1950లో గణతంత్రమైన భారతదేశం ముద్ర కోసం వెనక్కి చాలా దూరం వెళ్ళింది. ఇరవైరెండు వందల ఏళ్ళ నాటి అశోకుడి స్తంభం దగ్గర ఆగింది. అది తెలివైన పని. అశోకుడి వారసులమని చెప్పుకుని పట్టాభిషేకం అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరి ఇంటి గుర్తూ కాకుండా అందరి గుర్తూ అయింది. ఆంధ్రప్రదేశ్ అమరావతి శిల్పాల్లోంచి పూర్ణఘటాన్ని తీసుకోవడంలోనూ అదే తెలివి ఉంది. అది రాజుగారి వస్తువు కాదు. నిండిన కుండ. ఏ ఇంటి గుమ్మం ముందైనా ఉండగలిగేది.

తెలంగాణ 2014లో వేరే దారి పట్టింది. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన ముద్రలో కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్. రెండూ రాజులు కట్టించినవే. 2024లో కొత్త ప్రభుత్వం వీటిని రాచరికపు గుర్తులన్నది, తీసేసి కొత్త ముద్ర పెడతామన్నది. అటు వరంగల్లు నుంచీ ఇటు పాతబస్తీ నుంచీ ఎదురు మాటలొచ్చాయి. జూన్ 2న రావలసిన కొత్త ముద్ర ఆగిపోయింది. నాకు ఇందులో నచ్చిన విషయం ఒకటుంది. తోరణం కట్టించిన గణపతిదేవుడూ, చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా వాదించడానికి రాలేదు. వాదించింది మామూలు జనం. రాజు కట్టించినదాన్ని జనం ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు. ఆ నీడన టీ తాగినవాడిదే చార్మినార్. ఇది రాచరికపు గుర్తా, జనం గుర్తా అన్న ప్రశ్నకి శిలాశాసనంలో జవాబు దొరకదు, అలవాటులో దొరుకుతుంది.

ఈ వెలుగులో ఒమాన్ ముద్ర మీద నాకున్న మూడు అభ్యంతరాలూ చెప్పాలి. మెచ్చుకోలు ఒక్కటే అయితే దాన్ని విమర్శ అనరు, స్వాగతోపన్యాసం అంటారు.

మొదటిది, సముద్రం లేదు. ఇది ఓడల దేశం. సూర్ పట్నంలో ఇప్పటికీ చెక్కపడవల కార్ఖానా చూడొచ్చు. 1980లో టిమ్ సెవరిన్ అనే యాత్రికుడు అక్కడే పాతపద్ధతిలో, మేకు కొట్టకుండా కొబ్బరితాళ్ళతో కుట్టిన సొహార్ అనే ఓడని కట్టించి, మస్కట్ నుంచి చైనాలోని క్వాంగ్‌చౌ దాకా వెళ్ళాడు. ఢోఫార్‌లోని సుమ్‌హురమ్ రేవు శిథిలాల్లో మనదేశపు కంచు సాలభంజిక దొరికింది, తమిళ బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకు దొరికింది. రెండువేల ఏళ్ళ కిందటి ఈ రాకపోకల్ని మన శాతవాహనులు నాణెం మీద ఓడగా వేసుకున్నారు. ఖతార్ తన ముద్రలో పడవ పెట్టుకుంది. ఒమాన్ పెట్టుకోలేదు. మన పాత పదిరూపాయల నోటు మీద ఉన్న పడవ ఒమాన్ రాజముద్ర మీద లేకపోవడం నాకు విచిత్రంగా ఉంటుంది.

రెండోది, ఆడవాళ్ళు లేరు. ఖంజరు మగవాడి నడుముది. ఇక్కడి స్త్రీలు మంత్రులయ్యారు, రాయబారులయ్యారు, మా ఆఫీసులో నా పైఅధికారి కూడా ఒమానీ మహిళే. ముద్రలో మాత్రం ఆమెకి చోటులేదు. అయితే ఇక్కడో కథ ఉంది. రాజకుటుంబపు సయీదీ రకం ఖంజరు పిడికి ఆ ప్రత్యేకమైన రూపం ఇచ్చింది సయీద్ బిన్ సుల్తాన్ భార్యల్లో ఒకరైన పర్షియన్ రాకుమారి షెహ్రజాద్ అంటారు. అదే నిజమైతే ఒర మగవాడిది, ఊహ ఆడదానిది. చాలా ఇళ్ళలో జరిగేది అదే కదా.

మూడోది, ఇది ఒక కుటుంబపు ముద్ర. దేశానికి ఇంటి గుర్తు సరిపోతుందా? ఇక్కడ మాత్రం నా అభ్యంతరం కొంచెం మెత్తబడింది. ఖంజరు సుల్తాను ఒక్కడే కట్టుకునే వస్తువు కాదు. జాలరి కొడుకు పెళ్ళికొడుకైన రోజున కట్టుకుంటాడు, ఈద్ నాడు ఆరేళ్ళ పిల్లవాడు చిన్న ఖంజరు కట్టుకుని తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తాడు. కిరీటాన్ని ముద్రగా పెట్టుకుంటే అది ఒక్కడిదే అయ్యేది. ఖంజరు కాబట్టి అది అందరి ఇళ్ళలోనూ ఉంది. 2022లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలోకి ఖంజరు తయారీ నేర్పూ దాని చుట్టూ ఉన్న ఆచారాలూ చేరాయి. గౌరవం పొందింది ఆయుధం కాదు, చేతిపనీ ఆచారమూ. ఇక్కడి ఆమువాజ్ అత్తరు కంపెనీ మగవాళ్ళ సీసా మూతని ఖంజరు పిడిలా చేసింది. కత్తి పిడి తిప్పితే సువాసన వస్తుంది. ఒమాన్ ఎయిర్ విమానాల మీద ఒకప్పుడు ఖంజరే ఉండేది. 2008లో దాని బదులు సాంబ్రాణి పొగ గీత వచ్చింది. విమానాల్లో ప్రయాణికుల దగ్గర గోళ్ళ కత్తెర కూడా లాక్కునే రోజుల్లో తోక మీద బాకు ఎందుకనుకున్నారో ఏమో.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి బార్కాస్ తెలుసు. యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన హద్రమీ అరబ్బుల పేట. వాళ్ళ జంబియా ఖంజరుకి దాయాది. నా చిన్నప్పుడు జంబియా అన్న మాట పేపర్లో పోలీసు వార్తల్లోనే కనిపించేది. ఒకే కుదురు వస్తువు ఒకచోట పెళ్ళి అలంకారమైంది, ఒకచోట నేరానికి సాక్ష్యమైంది. తేడా కత్తిలో లేదు. ఒర ఉండటంలో, అది ఎప్పుడు తియ్యకూడదో అందరికీ తెలిసి ఉండటంలో ఉంది. 2022 జూలైలో మన కొత్త పార్లమెంటు భవనం మీది సింహాల నోళ్ళు సారనాథ్ సింహాలకంటే ఎక్కువ తెరుచుకుని ఉన్నాయా లేవా అని దేశమంతా వాదించుకున్నప్పుడు నాకు ఈ ఒరే గుర్తొచ్చింది. బలం ఉన్నవాడు దాన్ని ఎంత చూపించాలి, ఎంత దాచుకోవాలి అన్నదే ఆ వాదన కూడా.

2020 జనవరి 10న సుల్తాన్ ఖాబూస్ పోయారు. మర్నాడు సుల్తాన్ హైతమ్ వచ్చారు. అర్ధశతాబ్దం పాటు జాతీయ దినం నవంబరు 18, ఖాబూస్ పుట్టినరోజు. 2025లో దాన్ని నవంబరు 20కి మార్చారు, 1744లో రాజ్యం మొదలైన సందర్భానికి గుర్తుగా. ఒక మనిషి పుట్టినరోజు నుంచి ఒక వంశపు పుట్టినరోజుకి. ఇన్ని మారినా ముద్రలో గీత మారలేదు. అల్ ఖువైర్‌లో ఇప్పుడు 126 మీటర్ల ధ్వజస్తంభం ఉంది. అంత ఎత్తున ఆ ముద్ర ఎంత చిన్నగా కనిపించినా ఖంజరని తెలుస్తుంది. మా వృత్తిలో మంచి గుర్తుకి పరీక్ష అదే. తెర మీద మినపగింజంత చేసినా ఆనవాలు పట్టాలి. పూర్ణకుంభమూ ఆ పరీక్ష నెగ్గుతుంది. తోరణంలో చార్మినార్ కొంచెం ఇబ్బంది పడుతుంది. ఇది కొలతల మాటే, రాజకీయం కాదు. కరీంనగర్ మిత్రుడు కోప్పడనక్కరలేదు.

ఇంతకీ ఈ ముద్ర ఎవరిది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి కారణం మా అమ్మాయి. ఇక్కడే పుట్టింది. ఏటా జాతీయ దినానికి బడిలో బొమ్మ వెయ్యాలి. మూడో తరగతిలో ఉండగా ఖంజరు వేసి కింద "మా ముద్ర" అని తెలుగులో రాసింది. తెలుగులో రాసినందుకు వాళ్ళమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం "మా" దగ్గర చూపు ఆగింది. ఈ దేశంలో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా బయటినుంచి వచ్చినవాళ్ళమే. కచ్ నుంచి తరాల కిందట వచ్చిన కొన్ని వర్తక కుటుంబాలకి పౌరసత్వం దక్కింది. మాబోటి వాళ్ళకి ఆ ఆశా లేదు, ఆ ఫిర్యాదూ లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు కార్డు. కార్డు ఉన్నన్నాళ్ళు ఇల్లు. దిద్దుదామా అని పెన్సిలు తీసుకున్నాను. "మా" కొట్టేసి "వాళ్ళ" అని రాయించాలా? అలాగైతే అశోకుడి సింహాల కింద "మా" అని రాయించాలి. ఆ సింహాల్ని తను ఏడాదికోసారి, విమానాశ్రయంలో పాస్‌పోర్టు తీసినప్పుడే చూస్తుంది. పెన్సిలు పెట్టేశాను.

అప్పుడు చెయ్యలేని నిర్ణయాన్ని ఇప్పుడీ వ్యాసం రాస్తూ చేశాను. ముద్ర మీద హక్కులు రెండు రకాలు. ఒకటి కాగితం మీద ఉండేది. దాన్ని ప్రభుత్వాలు ఇస్తాయి, తీసుకుంటాయి. అది వాళ్ళ ఇష్టం. రెండోది చూసి చూసి కలిగేది. చార్మినార్ మీద పాతబస్తీ వాళ్ళకున్నది, పూర్ణకుంభం మీద బాబాయిగారికున్నది ఆ రెండోదే. వరహా అన్న మాటని మన నోట్లో నిలబెట్టినదీ అదే. ఖంజరు మీద మా అమ్మాయికున్నది కూడా అదే అని నా వాదన. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఎవరూ దాన్ని రద్దు చెయ్యలేరు కూడా.

సంచిక సంగతి అడుగుతారేమో. ఆ ఏడాది అట్ట మీద ఏ రాజముద్రా పెట్టలేదు. పిల్లలందరినీ తలా ఒక బొమ్మ వెయ్యమన్నాం. వచ్చిన వాటిలో మూడు మామిడాకుల తోరణాలు, రెండు కుండలు, ఒక చార్మినార్, ఒక పడవ, నాలుగు ఖంజర్లు ఉన్నాయి. అన్నీ చిన్నవి చేసి అట్ట నిండా పరిచాను. ఎడమ ఏది, కుడి ఏది అని ఎవరూ అడగలేదు. పిల్లలు వేసినవి కదా! పెద్దలం వేసి ఉంటే అడిగేవాళ్ళమే.

మా ఇంట్లో ప్రయాణపు కాగితాలు పెట్టుకునే తోలుసంచి ఒకటుంది. అందులో నాలుగు పాస్‌పోర్టులూ నాలుగు రెసిడెంట్ కార్డులూ కలిసే ఉంటాయి. సింహాలూ ఖంజర్లూ ఒకే జిప్పు కింద. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని, పన్నెండేళ్ళుగా మా సంచిలో అవి ఇమిడే ఉన్నాయి.